గొట్టం సిస్టరు అడిగిన రెండో సగం

మీ ఇంట్లో మంచాన పడి మింగలేకపోతున్న మనిషికి ఆకలి వేస్తుందని మీకెప్పుడైనా తోచిందా? జ్వరం చూస్తారు, ఆయాసం చూస్తారు, కళ్లు తెరిచాడా లేదా అని చూస్తారు. ఫలానావాళ్లకి కబురు వెళ్లిందా అని ఒకళ్లనొకళ్లు అడుగుతారు. చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం వంటింట్లో పోపు పడుతూనే ఉంటుంది. ఆ వాసన మంచం దాకా వస్తుందనీ, మూడు రోజులుగా ఆ కడుపులో ఏమీ పడలేదనీ ఎవరికీ గుర్తుండదు. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి పాలో జావో పంపుదామంటే మాత్రం ఇల్లంతా గొల్లుమంటుంది. "అయ్యో, గొట్టం దాకా వచ్చేసిందా!"

ఆ మాటకి రాజమండ్రిలో ఒకావిడ దగ్గర జవాబు ఉండేది. "గొట్టం చావుకి కాదండి, అన్నానికి."

ఆవిడ పేరు రాయను. గోదావరికి అటూ ఇటూ నర్సింగ్ హోముల్లో, ఇళ్లలో అందరికీ ఆవిడ గొట్టం సిస్టరే. పోయిన నెల జబ్బుపడిన మిత్రుణ్ణి చూడ్డానికి ఒక నర్సింగ్ హోముకి వెళ్లాను. పక్క మంచం దగ్గర చిన్న వయసు నర్సు ఒకమ్మాయి సన్నటి గొట్టం పట్టుకుని, రోగి ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్ణుంచి రొమ్ము ఎముక కింద దాకా కొలిచి, ఆ చోట చిన్న ప్లాస్టరు ముక్క అంటించింది. తర్వాత ఆ కొలతని ఇంకోసారి కొలిచింది. ఆ రెండోసారి కొలవడం నాకు తెలుసు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాను.

"మా పెద్ద సిస్టరుగారండి. గొట్టం సిస్టరనేవారు కదండీ, ఆవిడ. మొన్న వేసవిలో పోయారండి."

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఇంటికొచ్చినా కూర్చోబుద్ధి కాలేదు. అప్పటినుంచీ ఇలాగే ఉంది, గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. ఆవిడ నన్ను పదేళ్లపాటు ఒకే ప్రశ్న అడిగింది. ఇక అడగదు.

పొట్టి మనిషి, గట్టి ఎముక. తెల్లచీర కొంగు నడుముకి బిగించి, కళ్లజోడుకి నల్లదారం కట్టి మెళ్లో వేలాడదీసుకునేది. చేతిలో టిఫిన్ క్యారేజీ ఉండేది. కింది గిన్నెలో గొట్టాలు, మధ్య గిన్నెలో సిరంజి, కత్తెర, ప్లాస్టరు, పై గిన్నెలో ఆవిడ మధ్యాహ్నం తినే అన్నం. ఇదేం పెట్టడం సిస్టర్ అంటే, "అన్నీ అన్నం సామాన్లే కదండీ" అనేది. గదిలోకి రాగానే ముందు జనాన్ని బయటికి పంపేసి ఒక్కళ్లనే ఉంచేది. ధైర్యస్థుణ్ణి కాదు, అందరికన్నా ఎక్కువ భయపడుతున్నవాళ్లని. "మీరుండండి. చెయ్యి పట్టుకోండి. మీకు పని ఉంటే భయం ఉండదు." తర్వాత రోగితో మాట్లాడేది. స్పృహ ఉన్నా లేకపోయినా మాట్లాడేది. వయసు ఎంతైనా మగాళ్లంతా నాన్నలే, ఆడవాళ్లంతా అమ్మలే. "తల వెనక్కి వాల్చకు నాన్నా. కిందికి. బళ్లో మాస్టారు తిట్టినప్పుడు దించుకున్నట్టు దించుకో. ఇప్పుడు మింగు. ఇంకోసారి. అంతే, అయిపోయింది, దాటిపోయింది."

ఆ గొట్టం ముక్కులోంచి గొంతు దాటేటప్పుడు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. తన ముక్కులో తానే వేసుకుని చూసింది.

"ట్రైనింగులో ఉన్నప్పుడండి, గొట్టం వేస్తుంటే ఒక ముసలాయన నన్ను చెంప మీద కొట్టాడు. ఎందుకు కొట్టాడో తెలుసుకుందామని ఆ సాయంత్రం నాకు నేనే వేసుకున్నా."

"తెలిసిందా?"

"నాకూ ఎవర్నైనా కొట్టాలనిపించిందండి."

ముహూర్తాల పిచ్చి మన జిల్లాలకి కొత్తా? దుర్ముహూర్తం వెళ్లాక వెయ్యండి సిస్టర్ అన్న ఇళ్లున్నాయి. ఆవిడ వాదించేది కాదు. ఆ ఇంటి పెద్దని కుర్చీలో కూర్చోబెట్టి, "అయితే అందాకా మీరూ పచ్చి మంచినీళ్లు ముట్టకండి, ఆయనకి తోడుగా ఉంటుంది" అనేది. చాలా ఇళ్లలో దుర్ముహూర్తం పావుగంటలో వెళ్లిపోయేది. తన సొంత లూథరన్ చర్చివాళ్లనీ వదల్లేదు. ఒక ఇంట్లో పాస్టరుగారు, గొట్టానికి ముందు ఒకరోజు ఉపవాస ప్రార్థన పెడదాం అన్నాడట. "పెద్దాయన నాలుగు రోజుల్నుంచి ఉపవాసంలోనే ఉన్నాడు కదా పాస్టరుగారూ, ఇంకా ఎన్నాళ్లు చేయిస్తారు?" అని అడిగి పని కానిచ్చింది. ఆ తర్వాత ప్రార్థనలో తానూ మోకరించింది.

రావులపాలెంలో అరటికాయల వ్యాపారి ఇంట్లో జరిగింది ఆవిడ చెబుతుంటే వినాలి. ఇంటి పెద్దాయనకి గొట్టం వేసి, పల్చటి జావ వడకట్టి పొయ్యమని చెప్పి వచ్చింది. మర్నాడు కబురు. గొట్టం పూడుకుపోయింది. వెళ్లి చూస్తే లోపల చక్కెరకేళి గుజ్జు! జీవితమంతా అరటిగెలల మధ్య బతికిన మనిషి పండు లేకుండా ఎలా ఉంటాడని కొడుకు పాలల్లో పిసికి పోశాడు. "ముక్కుతో చక్కెరకేళి తినిపించిన జిల్లా ఇదొక్కటేనండి" అని నవ్వేది. నవ్వు ఆగాక మాత్రం, "ప్రేమతోనే పోస్తారండి అందరూ. నాకు భయం దానితోనే" అనేది. అప్పుడు నాకు ఆ మాట పట్టలేదు.

ఆవిణ్ణి మొదట చూసింది మా మాస్టారి మంచం దగ్గర. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. మా హేతువాద సంఘానికి పెద్ద. పూజారుల్నీ పాస్టర్లనీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి ప్రశ్నలు వెయ్యడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తొంభైల మధ్యలో ఒక వానాకాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పోయింది, మాట పోయింది, మింగడం పోయింది. ఆయన భార్యని మేం అమ్మగారు అనేవాళ్లం. గొట్టం అనగానే ఆవిడ వద్దని ఏడ్చింది. నేను వాదించాను, గెలిచాను. సిస్టరు వచ్చింది. మంచం పక్కన నిలబడి కళ్లు మూసుకుని పెదాలు కదిపింది.

నేను ఊరుకుంటానా? "సిస్టర్, ఆ ప్రార్థన వల్ల గొట్టం సరైన దారిలో వెళ్తుందా?"

"వెళ్లదండి."

"మరి?"

"అది నా చెయ్యి వణక్కుండా. గొట్టం దారి తేల్చడానికి వేరే పరీక్షుంది" అని, నేరుగా మాస్టారి వైపు తిరిగింది. "నాన్నా, ముక్కులోంచి గొట్టం వేస్తా. కాసేపు గరగరలాడుతుంది, కళ్లనీళ్లొస్తాయి. తర్వాత కడుపు నిండుతుంది. వెయ్యమంటే ఎడంచేత్తో నా వేలు నొక్కు."

ఆయన నొక్కాడు. నాలుగు రోజులుగా ఆయన మంచానికి అటు నిలబడి అమ్మగారు, ఇటు నిలబడి నేను, గొట్టం గురించి వాదించుకున్నాం. ఆయన్ని అడగాలని ఇద్దరికీ తట్టలేదు. మనిషికి మాట పోతే తెలివీ పోయిందనుకున్నాను నేను, హేతువాదిని.

గొట్టం లోపలికి వెళ్లాక ఆవిడ సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు ఆనించి విన్నది. అక్కడితో ఆగలేదు. "చెవి ఒక్కోసారి మోసపోతుందండి. ఊపిరితిత్తిలోకి పోయినా గుడగుడమన్నట్టే వినపడచ్చు." మళ్లీ సిరంజితో లోపలి రసం లాగి, టిఫిన్ క్యారేజీలోంచి నీలం లిట్మస్ కాగితం తీసి దాని మీద ఒక చుక్క వేసింది. కాగితం ఎర్రబడింది. కడుపులోని పులుపు. ముప్పై ఏళ్లు పిల్లలకి అదే కాగితం చూపించిన మాస్టారు దాన్ని చూసి ఎడమ పెదవితో నవ్వాడు. జబ్బుపడ్డాక మొదటిసారి. అమ్మగారు మంచం కోడు పట్టుకుని ఏడ్చింది, ఈసారి వేరే ఏడుపు.

పది రోజులకి నర్సింగ్ హోము నుంచి ఇంటికి తీసుకొచ్చాం. చుట్టాలు తులసి తీర్థం పట్టుకుని బయల్దేరారు. మింగలేని మనిషి గొంతులో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని సిస్టరు చెప్పింది కాబట్టి నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తీర్థం గిన్నెతో వచ్చినవాళ్లందర్నీ ఆపాను. చాలా గర్వంగా ఉండేది.

నెల తిరిగాక ఒకరోజు పొద్దున్న సిస్టరు వచ్చి పాత గొట్టం తీసేసింది. "ఈ ముక్కు పుండు పడేలా ఉంది. కాసేపు విశ్రాంతి ఇద్దాం. మధ్యాహ్నం మూడింటికొచ్చి రెండో వైపు వేస్తా. అందాకా నోట్లో చుక్క పొయ్యకండి. పెదాలారితే తడిగుడ్డతో అద్దండి, అంతే."

ప్లాస్టరూ గొట్టమూ లేకపోయేసరికి ఆ మొహం మళ్లీ మా మాస్టారి మొహంలా అయింది. అమ్మగారు స్నానానికి వెళ్లింది. నేను కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కాఫీ తాగుతున్నాను. ఆయన నా గ్లాసునే చూస్తున్నాడు. కాఫీ ఆయన ప్రాణం. మీటింగులో ఎంత వేడి చర్చ నడుస్తున్నా కాఫీ వస్తే ఆపేవాడు. నెల రోజులుగా ఆ నాలిక మీద రుచి అన్నది పడలేదు. నేను చెంచాతో కొంచెం నోట్లో వేశాను. గొంతు కదిలింది. దగ్గు రాలేదు. ఇంకో చెంచా వేశాను. దగ్గు రాలేదు. ఆయన కళ్లు మూసుకున్నాడు, సుఖంగా. మింగుడు వచ్చేసింది, ఇక గొట్టం అక్కర్లేదని సిస్టరుకి చెప్పాలనుకున్నాను. గ్లాసు కడిగి బోర్లించాను.

కడిగి ఎందుకు బోర్లించాను? ఎప్పుడూ కడగను.

మూడింటికి సిస్టరు గుమ్మంలోనే ఆగిపోయింది. ఊపిరి చప్పుడు వింది. ఒళ్లు పట్టుకు చూసింది, కాలిపోతోంది. టిఫిన్ క్యారేజీ కింద పెట్టి, "ఎవరు పోశారు?" అంది.

మా ఇద్దరి మొహాలూ చూసింది.

"తిట్టడానికి కాదండి. ఏం పోశారో, ఎంత పోశారో, ఎన్నింటికో తెలిస్తే డాక్టరుగారికి చెప్పాలి. ఎవరు?"

అమ్మగారు మంచం దగ్గరికొచ్చింది. "మా చెల్లెలు తీర్థం ఇచ్చి వెళ్లిందమ్మా. వేలితో పెదాలకి రాశాను. పొయ్యలేదు. రాశానంతే. లోపలికి పోయిందంటావా?"

నేను అక్కడే ఉన్నాను. మూడడుగుల దూరంలో. పదివేల మంది ముందు మాట్లాడిన నోరు నాది. తెరుచుకోలేదు.

ఆటోలో నర్సింగ్ హోముకి తీసుకెళ్లాం. గొంతులో గొట్టం పెట్టి మిషనుతో కఫం లాగుతుంటే గాజు సీసాలోకి వస్తోంది. నేనూ సిస్టరూ సీసా వైపే చూస్తున్నాం. గోధుమరంగు. ఆవిడ సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. నా వైపు తిరిగింది.

"తీర్థం ఈ రంగులో ఉండదండి."

తల దించుకున్నాను. ఎంత, ఎన్నింటికి అని అడిగింది. చెప్పాను. లోపలికెళ్లి డాక్టరుకి చెప్పి తిరిగొచ్చింది.

"దగ్గు రాలేదు సిస్టర్. మింగారనుకున్నా."

"రాదండి. దెబ్బ తిన్న గొంతు దగ్గు కూడా మర్చిపోతుంది. అందుకే కదా చుక్క పొయ్యద్దన్నది. తీర్థాన్ని ఆపారు, కాఫీని ఆపలేదు. ఊపిరితిత్తికి మీ సంఘం తెలీదండి, వాళ్ల గుడీ తెలీదు. గాలి తప్ప దానికేదీ పడదు. అమ్మగారు తనవల్లే అనుకుంటోంది. ఆవిడకి మీరు చెప్పాలి. నేను చెప్పను."

"చెప్తాను."

ఆరో రోజు మాస్టారు పోయాడు. నేను చెప్పలేదు.

ఇంతటితో అయిపోతే నేనొక పిరికివాణ్ణి, అంతే. మర్నెల మా పత్రికలో వ్యాసం రాశాను. మూఢత్వం మీద, తీర్థం మీద. పెదాలకి తీర్థం తగిలిన రోజే మాస్టారి ఊపిరితిత్తులు చెడ్డాయని రాశాను. చూడండి, ఆ వాక్యంలో అబద్ధం లేదు. తేదీలు సరిపోతాయి. నిజాలని పక్కపక్కన పెట్టి, మధ్యలో లేని గీతని చదివేవాడి చేతే గీయించడం వాదప్రతివాదాల్లో మేం నేర్చుకున్న విద్య. ఆ విద్యని మాస్టారి భార్య మీద వాడాను. ఆ వ్యాసానికి వచ్చినన్ని మెచ్చుకోలు ఉత్తరాలు నేను రాసిన దేనికీ రాలేదు.

సిస్టరు ఆ పత్రిక పట్టుకుని మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇది మీరు రాసిందేనా అండి?"

"తీర్థం వల్ల చచ్చేవాళ్లు లేరా సిస్టర్? మీరే చెప్పారు కదా."

"ఉన్నారండి. అందుకే ఇందులో సగం నిజమే. రెండో సగం రాయండి."

"రాస్తే సంఘం పరువేం కావాలి? మాస్టారి శిష్యుడే, అది కూడా మా వాళ్లలో ఒకడే అంటే..."

"ఇది చదివి పదిమంది తీర్థం మానేస్తారు. మంచిదే. కాఫీ మానరు కదండీ? కొబ్బరినీళ్లు మానరు, పాలు మానరు. మా తెలివైనాయన తీర్థమొక్కటే తప్పని రాశాడు కదా అని ధైర్యంగా పోస్తారు. వాళ్లందరి దగ్గరికీ నేను వెళ్లలేనండి. మీ కాగితం వెళ్తుంది."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "అమ్మగారు గుడి మానేసిందంట. మీకు సంతోషమేనా?"

సంతోషించాం. నిజంగానే సంతోషించాం. ఆవిడలో మార్పు వచ్చిందని సంఘంలో చెప్పుకున్నాం. ఒక క్రైస్తవురాలికి కనిపించింది మాకు కనిపించలేదు. అది మార్పు కాదు. మొగుణ్ణి చంపిన చేత్తో తీర్థం పట్టలేకపోయింది, అంతే. ఒకసారి ఆవిడ ఇంటి వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. రెండేళ్లకి ఆవిడా పోయింది. ఆ వేలే మాస్టారి ప్రాణం తీసిందన్న నమ్మకంతో పోయింది.

సిస్టరు మాత్రం వదల్లేదు. బస్‌స్టాండులో కనిపిస్తే బస్సు ఎక్కబోతూ కూడా ఆగేది. "రాశారా అండి?" కడియంలో మొక్కల తోట దగ్గర ఎవరో రోగి ఇంటికి పోతూ ఎదురుపడి, "రాశారా?" భీమవరంలో నేను మాట్లాడుతున్న సభకి, అక్కడ ఎవరికో గొట్టం మార్చడానికి వచ్చి, టిఫిన్ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని చివరి వరసలో కూర్చుంది. ప్రశ్నలుంటే అడగండి అన్నాను వేదిక మీంచి. చివరి వరసనే చూస్తున్నాను. ఆవిడ చెయ్యెత్తలేదు. సభ అయ్యాక దగ్గరికొచ్చి, నాకే వినపడేలా, "బాగా మాట్లాడారండి. రాశారా?" అంది. అన్నేళ్లలో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా గుట్టు ఒకరోజులో బయటపడేది. నా నోటితో వస్తేనే అది పనికొస్తుందని ఆవిడ లెక్క. ఇంత ఓపికగా నన్ను ఏ ప్రత్యర్థీ ఓడించలేదు.

ఆవిడ దేవుణ్ణి నేనిప్పటికీ ఒప్పుకోను. ఆవిడ ఉంటే ఈ మాటకీ ఏదో ఒకటి అనేది. కానీ రుజువు కోసం తన ముక్కులో తానే గొట్టం వేసుకున్న మనిషి ఒకవైపు, రుజువు సీసాలో కనిపిస్తున్నా నోరు మెదపని నేను ఒకవైపు. మా ఇద్దరిలో హేతువాది ఎవరో చదివేవాళ్లే తేల్చుకోండి. రెండో సగం ఇదిగో రాశాను. ఆవిడ పోయిన తర్వాత.

దీన్ని చదివి నిట్టూర్చి పక్కన పెట్టకండి. మీ ఇంట్లో పక్షవాతంతోనో స్పృహ సరిగా లేకనో పడుకున్న మనిషి ఉంటే, మింగగలడో లేదో తెలిసినవాళ్లు పరీక్ష చేసి చెప్పేదాకా ఆ నోట్లో ఏదీ పొయ్యకండి, పుణ్యమైనా సరే, ప్రేమైనా సరే. గొట్టం వేస్తామంటే డాక్టర్ని వెనక్కి పంపకండి. ముందు ఆ మనిషిని అడగండి, చెయ్యి నొక్కమనండి. ఒకవేళ మీరిప్పటికే పోసి ఉంటే, ఈ పేజీ ఇక్కడితో వదిలేసి లేవండి. నర్సు దగ్గరికెళ్లి ఏం పోశారో, ఎంత పోశారో, ఎన్నింటికో చెప్పండి. తనవల్లే అనుకుని ఆ గదిలో తల దించుకుని కూర్చున్నావిడ ఉంటుంది. ఆవిడ వినేలా చెప్పండి. ఇవాళే.